వార్నర్ బ్రదర్స్: డాలు ఒక్కటే, యజమానులు ఎందరో. కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత సినిమాల ప్రింట్లు సరిచూడటం, ఏ బొమ్మ హక్కులు ఎవరి దగ్గరున్నాయో తేల్చడం నా వృత్తి. ఈ పనిలో నన్ను ఎక్కువమంది అడిగేది వార్నర్ బ్రదర్స్ గురించే. డబ్ల్యూ, బీ అక్షరాలున్న ఆ డాలు తెర మీద కనబడగానే, 1923లో నలుగురు అన్నదమ్ములు రిజిస్టర్ చేసిన కంపెనీయే ఇన్నేళ్లూ చెక్కుచెదరకుండా నడిచి వచ్చిందని అనుకుంటారు. ఆ డాలు వెనక యజమానులు ఎన్నోసార్లు మారారు. నెగెటివ్‌లు చేతులు మారాయి. థియేటర్లు వచ్చి, పోయాయి. ఒక సినిమా ఎవరు తీశారు, ఎవరు జనానికి చూపించారు, ఈరోజు అది ఎవరి ఆస్తి అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఈ మూడింటినీ కలగలిపేయడం వల్లే కింది అపోహల్లో చాలా పుట్టాయి.

అపోహ: 'ది జాజ్ సింగర్'తోనే తెరకు మొదటిసారి శబ్దం వచ్చింది. అందులో అందరూ మాట్లాడతారు.

వాస్తవం: రెండు మాటలూ తప్పే. ఫిల్మ్ మీదే శబ్దాన్ని ముద్రించిన చిన్న చిత్రాలను లీ డి ఫారెస్ట్ 1923 ఏప్రిల్‌లోనే న్యూయార్క్‌లో ప్రదర్శించాడు. వార్నర్ వాళ్లే 1926 ఆగస్టు 6న 'డాన్ జువాన్' విడుదల చేశారు. అందులో ఆర్కెస్ట్రా సంగీతం, కత్తుల చప్పుళ్లు ఉన్నాయి, సంభాషణలు మాత్రం లేవు. 1927 అక్టోబరు 6న వచ్చిన 'ది జాజ్ సింగర్' చాలావరకు మూకీ సినిమాయే. కథ నడిచేది తెర మీద అక్షరాల కార్డులతో. మధ్యమధ్య పాటలొస్తాయి. మాటలు మొత్తం కలిపితే రెండు నిమిషాలు ఉంటాయంతే. కానీ ఆ రెండు నిమిషాల్లో కథానాయకుడు అల్ జోల్సన్ పియానో దగ్గర కూర్చుని తల్లితో ముచ్చట్లాడతాడు. రాసిచ్చిన డైలాగులా ఉండదు, ఇంట్లో కొడుకు మాట్లాడినట్టే ఉంటుంది. జనాన్ని కట్టిపడేసింది ఆ చనువే అని నా నమ్మకం. ఆసాంతం మాటలున్న మొదటి పూర్తి నిడివి సినిమా 'లైట్స్ ఆఫ్ న్యూయార్క్'. అదీ వార్నర్ వాళ్లదే, 1928 జులైలో వచ్చింది.

ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చేదో కూడా చెప్పాలి. వాళ్ల వైటాఫోన్ పద్ధతిలో శబ్దం ఫిల్మ్ మీద ఉండదు, గ్రామఫోన్ రికార్డు మీద ఉంటుంది. పదహారు అంగుళాల డిస్కు, నిమిషానికి 33 1/3 చుట్లు తిరుగుతుంది. సూది లోపలి అంచున మొదలై బయటికి నడుస్తుంది. ఒక్కో రీలుకు ఒక్కో డిస్కు, సుమారు పదకొండు నిమిషాలు. డిస్కు మీద బాణం గుర్తు దగ్గర సూది పెట్టి, 'స్టార్ట్' అని రాసిన ఫ్రేమును ప్రొజెక్టర్ గేటులో సరిగ్గా నిలిపి, రెంటినీ ఒకే మోటారుతో కదిలించేవారు. డిస్కు లేబుల్ మీద చిన్న చిన్న గళ్లుంటాయి. వేసినప్పుడల్లా ఆపరేటరు ఒక గడి కొట్టేయాలి, ఎందుకంటే ఇరవై ఆటలు దాటితే గాడి అరిగి శబ్దం పాడైపోతుంది. ఫిల్మ్ తెగితే ఇంకా చిక్కు. మూకీ రోజుల్లోలా పాడైన ముక్క కోసి అతికించేస్తే అక్కడి నుంచి పెదవి ముందూ మాట వెనకా అవుతాయి. అందుకే పోయిన ఫ్రేములు ఎన్నో లెక్కపెట్టి, అన్ని నల్ల ఫ్రేములు వేసి అతికేవారు.

కొన్నేళ్లకే వార్నర్ వాళ్లూ ఈ పద్ధతి వదిలేసి ఫిల్మ్ మీదే శబ్దం ముద్రించే దారికి వచ్చారు. దాని ఫలితం మా వృత్తిలో నేటికీ అనుభవిస్తున్నాం. బొమ్మ ఒకచోట, డిస్కు మరెక్కడో ఉండిపోయాయి. ఇలా విడిపోయిన జంటల్ని వెతికి కలపడానికే 1991లో సేకర్తలు కొందరు 'వైటాఫోన్ ప్రాజెక్ట్' మొదలుపెట్టారు. వాళ్ల పుణ్యాన, మూగగా మిగిలిపోయిన ఎన్నో చిన్న చిత్రాలకు మళ్లీ గొంతు వచ్చింది.

అపోహ: దివాలా అంచున ఉన్న అన్నదమ్ములు ఉన్నదంతా ఊడ్చి శబ్దం మీద పందెం కాశారు.

వాస్తవం: నష్టాలున్న మాట నిజం. అవి పెట్టుబడి పెట్టి ఎదుగుతున్న కంపెనీ నష్టాలు. గోల్డ్‌మన్ శాక్స్‌కు చెందిన వాడిల్ క్యాచింగ్స్ వెనక నిలబడి బ్యాంకుల అప్పులు ఇప్పించాడు. 1925 ఒక్క ఏడాదిలోనే వాళ్లు పాత సినిమా కంపెనీ వైటాగ్రాఫ్‌ను దాని పంపిణీ కార్యాలయాలతో సహా కొన్నారు, లాస్ ఏంజెలెస్‌లో కేఎఫ్‌డబ్ల్యూబీ రేడియో స్టేషన్ పెట్టారు, వెస్టర్న్ ఎలక్ట్రిక్‌తో శబ్దం ఒప్పందం చేసుకున్నారు. తెగించి పాచిక విసిరిన వాళ్ల నడక ఇలా ఉండదు. పైగా పెద్దన్న హ్యారీకి నటుల మాటల మీద మొదట్లో ఆశే లేదు. పెద్ద నగరాల థియేటర్లలో వాయించే ఆర్కెస్ట్రా సంగీతం చిన్న ఊరి థియేటరుకూ అందాలన్నదే ఆయన లెక్క. శబ్దం మీద గట్టిగా పట్టుబట్టినవాడు తమ్ముడు శామ్. ఆయన 'ది జాజ్ సింగర్' తొలి ఆటకు ముందురోజు, 1927 అక్టోబరు 5న, నలభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కంపెనీ తలరాత మార్చిన ఆ రాత్రి మిగతా అన్నదమ్ములు ఎవరూ థియేటర్లో లేరు.

అపోహ: కార్టూన్ కుందేలు బగ్స్ బన్నీ మొదటి నుంచీ వార్నర్ ఉద్యోగుల సృష్టి.

వాస్తవం: ఆ కార్టూన్లు తీసింది లియాన్ ష్లెసింగర్ సొంత కంపెనీ. వార్నర్ వాళ్లు కొని పంపిణీ చేసేవారు. 1944లో ష్లెసింగర్ తన స్టూడియో అమ్మేశాకే ఆ కళాకారులు వార్నర్ జీతగాళ్లయ్యారు.

అపోహ: టీవీ వచ్చి స్టూడియోలను దెబ్బతీసింది. స్టూడియోలు దాన్ని శత్రువులా చూశాయి.

వాస్తవం: మొదటి పెద్ద దెబ్బ కోర్టు నుంచి తగిలింది. 1948లో పారమౌంట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, సినిమా తీసేవాళ్లే థియేటర్లనూ గుప్పిట్లో పెట్టుకునే పద్ధతికి కాలం చెల్లింది. 1928లో స్టాన్లీ కంపెనీని కొన్నప్పుడు సంపాదించుకున్న థియేటర్ల బలాన్ని వార్నర్ 1953 కల్లా వేరు కంపెనీగా విడగొట్టి వదులుకుంది. తీసిన ప్రతి బొమ్మకూ సొంత హాలు ఉంటుందన్న ధీమా పోయింది. ఇక టీవీ అంటారా, 1955లో వార్నర్ వాళ్లే ఏబీసీ టీవీ నెట్‌వర్క్‌కు సీరియళ్లు తీయడం మొదలుపెట్టారు. వాటిలో కౌబాయ్ కథ 'షాయెన్' ఏడు సీజన్లు నడిచింది. మొదట్లో ఆ కార్యక్రమం చివరి నిమిషాలను తమ కొత్త సినిమాల ప్రచారానికి వాడుకున్నారు. సీరియల్‌ను ప్రచారంగా భావించి మొదలుపెట్టిన కంపెనీకి, సీరియలే అసలు వ్యాపారమని తెలిసొచ్చింది.

దీనికి తోడుగా ఇంకో పొరపాటు ఉంది. ఏ ఛానెల్లో వస్తే అది ఆ ఛానెల్ సొత్తు అనుకుంటారు. 1994లో మొదలైన 'ఫ్రెండ్స్' ఎన్‌బీసీలో వచ్చింది, తీసింది మాత్రం వార్నర్ బ్రదర్స్ టెలివిజన్, హక్కులూ దానివే. 1970 నుంచి 1990ల దాకా అమెరికాలో ఉన్న ప్రభుత్వ నిబంధన ప్రకారం, నెట్‌వర్క్‌లు ప్రైమ్‌టైమ్ కార్యక్రమాల పునఃప్రసార హక్కుల్లో వాటా పెట్టుకోకూడదు. స్టూడియోల ఖజానా నింపింది ఆ పునఃప్రసారాలే.

అపోహ: వార్నర్ తీసిన సినిమా ఎప్పటికీ వార్నర్‌దే.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కుముడి ఇది. 1956లో కంపెనీ 1950కి ముందరి సినిమాల లైబ్రరీని 2.1 కోట్ల డాలర్లకు అమ్మేసింది. 1942 నాటి 'కాసాబ్లాంకా' కూడా అందులో పోయింది. ఆ సినిమాలను టీవీ స్టేషన్లకు పంచినది ఏఏపీ అనే సంస్థ. ఆనాటి టీవీ ప్రింటు గేటులో పెట్టి చూస్తే మొదట ఏఏపీ కార్డు పడుతుంది, ఆ తర్వాతే అసలు సినిమా. 1958లో ఏఏపీ యునైటెడ్ ఆర్టిస్ట్స్ చేతికి వెళ్లింది. 1981లో యునైటెడ్ ఆర్టిస్ట్స్‌ను ఎంజీఎం కొంది. 1986లో టెడ్ టర్నర్ ఎంజీఎంను కొని, కొన్ని నెలలకే స్టూడియో వ్యాపారం తిరిగి అమ్మేసి, లైబ్రరీని మాత్రం అట్టిపెట్టుకున్నాడు. 1996లో టర్నర్ సంస్థ, అప్పటికి వార్నర్ మాతృసంస్థ అయిన టైమ్ వార్నర్‌లో కలిసింది. అలా నలభై ఏళ్లకు ఆ సినిమాలు పుట్టింటికి చేరాయి. ఆ నలభై ఏళ్ల మధ్యలో వచ్చిన వీడియో క్యాసెట్లు, ప్రింట్లు చూసి "ఇది ఎంజీఎం సినిమా" అని రాసేసిన జాబితాలు కోకొల్లలు.

ఇందులో ఇంకో మలుపుంది. ఏఏపీని నడిపిన ఎలియట్ హైమన్ ఆ తర్వాత సెవెన్ ఆర్ట్స్ కంపెనీ పెట్టాడు. 1967లో జాక్ వార్నర్ వాటాను 3.2 కోట్ల డాలర్లకు కొని స్టూడియోనే చేజిక్కించుకున్నది ఆ సెవెన్ ఆర్ట్సే. వార్నర్ పాత సినిమాలను పంచిపెట్టిన మనిషి, చివరికి వార్నర్‌నే ఏలాడు.

అపోహ: నలుగురు అన్నదమ్ములూ చివరిదాకా ఒక్క మాట మీద నిలిచారు.

వాస్తవం: 1956లో హ్యారీ, ఆల్బర్ట్, జాక్ ముగ్గురూ కలిసి తమ వాటాలు అమ్మడానికి ఒప్పుకున్నారు. జాక్ మాత్రం తెరవెనక ఏర్పాటు చేసుకుని, అమ్మిన వాటాను తిరిగి కొని తానే అధ్యక్షుడయ్యాడు. అన్నలతో మాటలు తెగిపోయాయి. రెండేళ్లకు హ్యారీ చనిపోతే అంత్యక్రియలకు జాక్ వెళ్లలేదు.

అపోహ: ప్రతి విలీనంలోనూ పెద్ద సినిమా కంపెనీ చిన్నదాన్ని మింగింది.

వాస్తవం: 1969లో వార్నర్‌ను కొన్న కిన్నీ నేషనల్‌కు పార్కింగ్ స్థలాలు, అంత్యక్రియల సేవలు ప్రధాన వ్యాపారాలు. దాన్ని నడిపిన స్టీవ్ రాస్ 1972లో వార్నర్ కమ్యూనికేషన్స్ అని పేరు మార్చాడు. అదే ఏడాది నుంచి 1990 దాకా బర్బ్యాంక్ స్టూడియో ప్రాంగణాన్ని కొలంబియాతో పంచుకున్నారు. కాబట్టి అక్కడ తీసిన ప్రతిదీ వార్నర్ సినిమా కాదు. 2001లో ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్, టైమ్ వార్నర్ కలిసినప్పుడు కొత్త కంపెనీలో 55 శాతం ఏఓఎల్ వాటాదారులకు దక్కింది, మరుసటి ఏడాదే దాదాపు 9,900 కోట్ల డాలర్ల నష్టం తేలింది. 2018లో దాన్ని టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ కొంది, 2022లో అది టీవీ ఛానెళ్ల కంపెనీ డిస్కవరీతో కలిసింది.

ఈ అమ్మకాల్లో 2004ను మాత్రం చాలామంది గమనించరు. ఆ ఏడాది వార్నర్ మ్యూజిక్ వేరు కంపెనీగా బయటికి వెళ్లిపోయింది, దాంతో పాటు పాటల ప్రచురణ హక్కులు చూసే వార్నర్ చాపెల్ కూడా. పాత వార్నర్ సినిమాలో పాట ముక్క వాడుకోవాలనుకునేవాళ్లు స్టూడియో అనుమతి పత్రం చేతిలో ఉంది కదా అని ఊరుకోకూడదు. బొమ్మకు ఒక సంతకం, పాటకు ఇంకో కంపెనీ సంతకం కావాలి.