పట్టుచీర అంచు ఎక్కడికి పోయింది? బ్లాక్ అండ్ వైట్ ఎడిటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

అపోహ: శాచురేషన్ (రంగు గాఢత) సున్నాకి లాగేస్తే బ్లాక్ అండ్ వైట్ అయిపోయినట్టే.

రంగు పోతుంది నిజమే. రంగు వల్లే కనిపించిన తేడా కూడా దాంతోపాటే పోతుంది. బరంపురం పట్టుచీరనే తీసుకోండి. ఎర్ర బాడీ, ఆకుపచ్చ అంచు, రెండూ కలిసేచోట టెంపుల్ బోర్డర్ పళ్లు, అంటే రంపపు పళ్లలాంటి కోణాలు. చీర అందమంతా ఆ పళ్లలోనే ఉంది. ఫొటోలో ప్రతి రంగునీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చెప్పే మూడు అంకెలుగా (0 నుంచి 255 దాకా) రాస్తారు. ఈ చీరలో ఆ ఎరుపు విలువలు 180, 30, 40 అనీ, ఆకుపచ్చ విలువలు 20, 110, 50 అనీ అనుకుందాం. ఎరుపుకి 0.299, ఆకుపచ్చకి 0.587, నీలానికి 0.114 వాటా ఇచ్చే లెక్క ఒకటుంది. పాత టీవీ ప్రమాణంలోదే, జేపెగ్‌లోనూ అదే వాడతారు. ఆ లెక్కలో బాడీ 76 వస్తుంది, అంచూ 76 వస్తుంది. పళ్లు మాయం, చీరంతా ఒకే బూడిద రంగు.

ఫొటోషాప్‌లోని డీశాచురేట్ ఈ లెక్క వాడదు. మూడు విలువల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కూడి సగం చేస్తుంది. ఆ పద్ధతిలో బాడీ 105, అంచు 65 అయి విడిపోతాయి. అలాగని అదే మంచిదనుకోకండి. పసుపు బట్టల్లో (230, 190, 30) ఉన్న పెళ్లికూతుర్ని నీలం షామియానా (60, 90, 200) ముందు నిలబెడితే డీశాచురేట్‌లో రెండూ 130 అవుతాయి. మొదటి లెక్కలో ఇవే 184, 94గా చక్కగా విడిగా ఉంటాయి. ఏ రెడీమేడ్ లెక్కకైనా ఎక్కడో ఒకచోట రెండు రంగులు కలిసిపోతాయి. అందుకే ఏ రంగు ఎంత బూడిద కావాలో ఎడిట్ చేసేవాళ్లే నిర్ణయించాలి.

ఫొటోషాప్‌లో అయితే అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా (అసలు ఫొటోని మార్చకుండా పైన వేసే పొర) బ్లాక్ అండ్ వైట్ పెట్టండి. మొదట రెడ్స్ 40, ఎల్లోస్ 60, గ్రీన్స్ 40, సయాన్స్ 60, బ్లూస్ 20, మెజెంటాస్ 80 ఉంటాయి. ఈ చీరకి రెడ్స్ 15 దాకా దించి, గ్రీన్స్ 80 దాకా ఎత్తితే పళ్లు తిరిగి తేలతాయి. ఉచిత సాఫ్ట్‌వేర్లయిన గింప్‌లో మోనో మిక్సర్, డార్క్‌టేబుల్‌లో కలర్ కాలిబ్రేషన్‌లోని గ్రే ట్యాబ్ ఇలాంటి పనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో చేస్తాయి. అలాంటి మిక్సర్‌లో ఆ మూడు అంకెల మొత్తం 1కి (శాతాల్లో ఉంటే 100కి) దగ్గరగా ఉంచండి. ఎక్కువైతే తెల్ల పంచె వివరాలు కాలిపోతాయి. వెనకాల అరటాకులుంటే గ్రీన్స్‌కన్నా ఎల్లోస్‌కే ఎక్కువ కదులుతాయి, కొత్తవాళ్లు ఇక్కడ చాలాసేపు తికమకపడతారు.

అపోహ: ముఖం తెల్లగా రావాలంటే రెడ్స్ పెంచాలి.

పెంచితే చర్మంతోపాటు కుంకుమ బొట్టు, పెదాలు, పారాణి కూడా తెల్లబడతాయి. నుదుట బొట్టు కనబడని పెళ్లికూతురి ఫొటో ఏ ఇంటివాళ్లకి నచ్చుతుంది? మన చర్మం రంగు ఎరుపు, పసుపుల మధ్య, అంటే ఆరెంజ్‌లో ఉంటుంది. లైట్‌రూమ్‌లో ఆరెంజ్‌కి వేరే స్లైడర్ ఉంది. దాన్ని 10 నుంచి 20 పెంచి, రెడ్‌ని 10 దించితే ముఖం వెలుగుతుంది, బొట్టు నల్లగా నిలుస్తుంది. ఫొటోషాప్‌లో ఆరెంజ్ లేదు కాబట్టి ముఖానికి ఒక లేయర్, చీరకి ఒక లేయర్ పెట్టి, ఏది ఎక్కడ పనిచేయాలో ఆ చోటికే పరిమితం చేసే మాస్క్ వేసుకోవాలి. అసలు ముఖాన్ని తెల్లగా చేయాలన్న పట్టుదలే తగ్గించుకోవాలి. చామనఛాయ ముఖంలో మధ్యస్థపు బూడిద ఛాయలే ఎక్కువ, వాటిని చెరిపితే ముఖం చదునుగా కనిపిస్తుంది.

అపోహ: స్టేజి లైట్లు పాడుచేసిన ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఏదైనా బాగుపడుతుంది.

సగమే నిజం. రిసెప్షన్ స్టేజి మీద ఊదా ఎల్ఈడీ పడితే ఎరుపు, నీలం ఛానెళ్లు (ఆ రంగు విలువలు విడిగా ఉండే పొరలు) గరిష్ఠమైన 255కి తగిలి ముఖం మచ్చగా మారుతుంది. స్లైడర్లు కదిపే ముందు ఛానెల్స్ ప్యానెల్ తెరిచి మూడింటినీ విడివిడిగా చూడండి. అలాంటి ఫొటోల్లో ముక్కు, చెంపల వివరం చాలాసార్లు ఆకుపచ్చ ఛానెల్‌లో మిగిలి ఉంటుంది. ఛానెల్ మిక్సర్‌లో మోనోక్రోమ్ టిక్ చేసి గ్రీన్ 100, మిగతా రెండూ 0 పెడితే ముఖం తిరిగొస్తుంది. మూడు ఛానెళ్లూ కాలిపోయి ఉంటే ఏ స్లైడరూ కాపాడదు. షేక్ అయిన ఫొటో కూడా అంతే. రంగు లేనప్పుడు కన్ను నేరుగా అంచుల మీదికే పోతుంది కాబట్టి ఆ లోపం ఇంకా బయటపడుతుంది.

అపోహ: గోపాలపూర్ బీచ్‌లో ఆకాశం నల్లగా రావాలంటే బ్లూ స్లైడర్‌ని చివరిదాకా దించాలి.

జేపెగ్‌లో అలా లాగితే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు, గరుకు గింజలు, కొబ్బరాకుల చుట్టూ తెల్లటి గీత వస్తాయి. ఒక్కో ఛానెల్‌కి ఉండేవి 256 స్థాయిలే. పైగా చాలా జేపెగ్‌లలో వెలుగు ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకటే. స్లైడర్ ఆధారపడేది ఆ రంగు మీదే. కెమెరా సెన్సర్ పట్టినదాన్ని పట్టినట్టే దాచే 14 బిట్ రా (RAW) ఫైల్‌లో 16,384 స్థాయిలుంటాయి. అయినా లైట్‌రూమ్‌లో మైనస్ 40 దాటేముందు 100 శాతం జూమ్‌లో చూసుకోండి. కలర్ నాయిస్ (రంగు రంగుల చుక్కలు) ముందే తగ్గించండి, బ్లాక్ అండ్ వైట్‌కి మార్చాక అది బూడిద మరకలుగా మిగులుతుంది. వానాకాలపు బూడిద మబ్బులో నీలమే ఉండదు, అక్కడ స్లైడర్ ఎంత లాగినా పెద్దగా కదలదు. మాస్క్ వేసి ఎక్స్‌పోజర్ తగ్గించడమే దారి.

అపోహ: కెమెరాలో మోనోక్రోమ్ పెడితే తర్వాత పని ఉండదు.

జేపెగ్ ఒక్కటే తీస్తే రంగు శాశ్వతంగా పోయినట్టే, పైన చెప్పిన స్లైడర్లేవీ పనిచేయవు. రా ప్లస్ జేపెగ్ పెట్టండి. తెర మీద బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తుంది, రా ఫైల్‌లో రంగు భద్రంగా ఉంటుంది.

అపోహ: స్క్రీన్ మీద బాగుంటే ప్రింటూ బాగుంటుంది.

ల్యాబులు ఎక్కువగా కలర్ పేపర్ మీదే ప్రింట్ చేస్తాయి. మెషిన్ కాలిబ్రేషన్ కొంచెం తప్పినా బూడిద రంగులో ఆకుపచ్చ ఛాయో, మెజెంటా ఛాయో తేలుతుంది. గ్రేస్కేల్ మోడ్‌లో కాకుండా మామూలు కలర్ ఫొటోల ప్రమాణమైన ఎస్ఆర్‌జీబీ (sRGB) జేపెగ్‌గా ఇవ్వండి. లెవెల్స్‌లో అవుట్‌పుట్‌ని 8 నుంచి 247 మధ్య ఉంచితే నల్ల కోటు మడతలు కలిసిపోవు. ఆల్బమ్ మొత్తం పంపే ముందు నలుపు నుంచి తెలుపు దాకా పదకొండు మెట్లున్న పట్టీ ఒకటీ, ముఖం ఉన్న ఫొటో ఒకటీ కలిపి 4x6 ప్రింట్ తీయించండి. దాన్ని పగటి వెలుగులో చూడాలి. ఛాయ కనిపిస్తే మీ ఫైల్‌ని మార్చకండి, ఆ పట్టీనే ల్యాబ్ వాళ్లకి చూపించి మెషిన్ సరిచేయమనండి.