కాళ్ల వాపు కన్నా ముందే చెప్పేది బరువు మిషన్

"నాన్నకు గుండె బలహీనంగా ఉందన్నారు. డిశ్చార్జి రోజున నర్సమ్మ రోజూ బరువు చూసి రాయమంది. గుండెకీ బరువుకీ ఏం సంబంధం?" అని ఒక పాఠకురాలు అడిగారు. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి సరిపడా రక్తాన్ని తోడలేకపోవడం. అంతవరకు అందరూ చెప్పేదే. అసలు కథ కిడ్నీలో నడుస్తుంది.

తన దగ్గరికి వచ్చే రక్తం తగ్గిందని కిడ్నీకి తెలుస్తుంది గానీ, ఎందుకు తగ్గిందో తెలియదు. ఎక్కడో నెత్తురు పోతోందన్నట్టే రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దాని వల్ల యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ తయారవుతుంది, అది కిడ్నీ మీదుండే అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ విడుదల చేయిస్తుంది. దాంతో మూత్రంలో పోవలసిన సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, మళ్లీ రక్తంలోకి వచ్చేస్తుంది. గాయపడ్డ మనిషిని బతికించే ఏర్పాటు ఇది. అలసిన గుండెకు మాత్రం మోయలేని బరువు.

మాగాయకు ఉప్పు పట్టించిన ముక్కలు తెల్లారేసరికి ఊటలో తేలుతుంటాయి కదా! ఉప్పు ఎటుంటే నీరు అటే. ఒంట్లోనూ సోడియం ఎక్కువగా కణాల బయటే ఉంటుంది కాబట్టి నీరూ అక్కడే చేరుతుంది. కాకపోతే జాడీలోకి కొత్త నీరు రాదు. మనిషికి దాహం వేస్తుంది, తాగుతాడు, ఊట పెరుగుతూనే పోతుంది.

ఎంత పెరుగుతుందో లెక్క కట్టవచ్చు. సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది, అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. మన రక్తపు గాఢతా సుమారుగా అంతే. కనుక ఒంట్లో 9 గ్రాముల ఉప్పు నిలిచిందంటే దాంతోపాటు లీటరు నీరు, అంటే కిలో బరువు నిలిచినట్టు. రోజుకు 3 గ్రాముల చొప్పున ఆగినా మూడు రోజులకు కిలో! అదే కొవ్వు కిలో పెరగాలంటే 7,000 కాలరీలకు పైగా అదనంగా తినాలి. అన్నం సహించని రోగికి అది సాధ్యమా? అందుకే మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నీరేననుకుని డాక్టరుకు ఫోన్ చేయమంటారు. వేలితో నొక్కితే పాదాల్లో సొట్ట పడేసరికి ఒంట్లో అప్పటికే కొన్ని లీటర్లు చేరి ఉంటాయి. మంచం పట్టినవాళ్లకైతే పాదాలు మామూలుగానే ఉండి, నడుము కింద వాపు వస్తుంది. తిప్పి పడుకోబెట్టే నర్సు కంటికే అది ముందు పడుతుంది.

పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్ తినకముందు, రోజూ ఒకే మిషన్ మీద చూడాలి. ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నారో కూడా పక్కనే రాయండి. పడుకుంటే కాళ్లలోని నీరు రక్తంలోకి తిరిగొచ్చి ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఆయాసంతో అర్ధరాత్రి లేచి కూర్చోవడం అందుకే.

సైంధవ లవణం వాడుతున్నాం కదా అనే ధీమా చాలా ఇళ్లలో ఉంది. అదీ సోడియం క్లోరైడే బాబూ! సోడియం తగ్గించిన ఉప్పు ప్యాకెట్లలో పొటాషియం ఉంటుంది. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ లాంటి గుండె మందులు వాడేవారికి పొటాషియం మరీ పెరిగి గుండె లయ తప్పవచ్చు. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కూడా కిడ్నీ చేత ఉప్పును ఆపిస్తాయి. నీరు తీయడానికి ఇచ్చే ఫ్యూరోసెమైడ్ మందు ఒకవైపు ఉప్పును బయటకు పంపుతుంటే, ఈ బిళ్ల ఇంకోవైపు దాన్ని పట్టి ఉంచుతుంది. ఫ్యూరోసెమైడ్ మోతాదు పెంచమని అడిగే ముందు, ఈ నొప్పి బిళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి.