లైటు వెలిగిందని పెట్టె మార్చేయకండి

చిరంజీవులకు,

మద్రాసు నుంచి తాతయ్య ఆశీస్సులు. బాబాయి కారులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు ఆరడం లేదు, షాపులో దాన్ని నడిపే పెట్టె, అదే మాడ్యూల్, పోయిందన్నారు, అది నిజమో కాదో ఎలా తేల్చాలి అని అడిగారు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. మీరు ముగ్గురూ డిప్లొమాలో ఆటోమొబైలే చదువుతున్నారు కాబట్టి కాస్త లోతుగానే రాస్తున్నాను. విసుగొస్తే నాయనమ్మతో చెప్పుకోండి.

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే బ్రేకు పోయినట్టు కాదు. పెడల్ తొక్కితే బండి ఆగుతుంది. కాకపోతే తడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే పని జరగదు. ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగ్ ఎటు తిప్పినా బండి నేరుగానే జారిపోతుంది. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే సంగతి వేరు. బ్రేకు ఆయిల్ తగ్గి ఉండొచ్చు, వెనక చక్రాలకు ఎంత బ్రేకు పడాలో చూసే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. అలాంటి బండిని రోడ్డెక్కించొద్దు.

బోనెట్ ఎత్తితే బ్రేకు పైపులన్నీ వచ్చి చేరే అల్యూమినియం దిమ్మ కనిపిస్తుంది. దానికి ఒకపక్క పంపు మోటారు, ఇంకోపక్క నల్ల ప్లాస్టిక్ పెట్టె. ఆ పెట్టే మాడ్యూల్. దీనికి కరెంటు ఒక్క దారిన రాదు. చాలా బండ్లలో బ్యాటరీ నుంచి నేరుగా రెండు లావు వైర్లు వస్తాయి: ఒకటి పంపు మోటారుకు, ఒకటి లోపలి వాల్వులకు. మోటారు ఫ్యూజు 40 ఆంపియర్ల దాకా ఉంటుంది, వాల్వులది 25 లేదా 30. ఇవి కాక తాళం తిప్పగానే 'నిద్ర లే' అని చెప్పే సన్న వైరు ఒకటి. దాని ఫ్యూజు చిన్నది, 5 నుంచి 10 ఆంపియర్లు. వీటన్నిటికీ తిరుగుదారి లావుపాటి ఎర్త్ వైరు. వీటిలో ఏ ఒక్కటి దెబ్బతిన్నా ఏబీఎస్ లైటు వెలుగుతుంది, ఏది పోయిందో మాత్రం అది చెప్పదు. అందుకే లైటు చూసి పెట్టె మీద తీర్పు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

లైటు ఎప్పుడు వెలుగుతుందో గమనించండి. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోవడం మామూలే, అది తనను తాను పరీక్ష చేసుకోవడం. ఆరకుండా అలాగే ఉండిపోతే కరెంటు దారినో, తెగిన వైరునో అనుమానించాలి. ఆరిపోయి, బండి కదిలి 15, 20 కిలోమీటర్ల వేగం అందుకున్నాక మళ్ళీ వెలిగితే చక్రాల దగ్గరి సెన్సార్లు, పంపు మోటారు దారి చూడాలి. చాలా బండ్లలో ఆ వేగం దగ్గరే పంపును ఒక్క క్షణం తిప్పి చూసుకుంటుంది. చెవి పెడితే 'జుయ్' మని వినిపిస్తుంది.

బండిలోని మాడ్యూళ్ళు రాసిపెట్టుకున్న తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ సాయం చేస్తుంది, కాదనను. సీ0800 లాంటి కోడ్ వస్తే మాడ్యూల్ తన కరెంటు గురించి ఫిర్యాదు చేస్తోందని అర్థం. యూ3003 అంటే బ్యాటరీ వోల్టేజి గొడవ. యూ0121 మాత్రం ఏబీఎస్ రాసింది కాదు. ఏబీఎస్ పలకడం లేదని ఇంజిన్ మాడ్యూలో మరొకటో రాసిన మాట. స్కానర్‌కు ఏబీఎస్ అసలే దొరక్కపోతే చాలామంది 'చచ్చిపోయింది' అనేస్తారు. కరెంటు అందని పెట్టె కూడా అచ్చం అలాగే ఉంటుంది.

పని మొదలుపెట్టాల్సింది బ్యాటరీ దగ్గర. బండి ఆపి కాసేపు వదిలేశాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 కిందికి దిగజారే బ్యాటరీ అయితే ముందు దాని సంగతి చూడండి. వోల్టేజి మరీ పడిపోతే మాడ్యూల్ తనంతట తానే పక్కకు తప్పుకుని లైటు వెలిగిస్తుంది. అది జబ్బు కాదు, అది తీసుకునే ముందుజాగ్రత్తే.

ఇప్పుడు అసలు కిటుకు. షాపువాళ్ళు మాడ్యూల్‌కు వైర్లు తగిలించే కప్లర్ ఊడదీసి, మీటర్ పెట్టి, '12.5 వోల్టులు వస్తోంది, వైరింగ్ బాగుంది, మాడ్యూలే పోయింది' అని ఉంటారు. ఆ కొలతకు విలువ లేదు. డిజిటల్ మీటర్ లోపలి నిరోధం సుమారు కోటి ఓమ్‌లు. అది లాగే కరెంటు దాదాపు సున్నా. చిలుము పట్టిన వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12.5 అనే చూపిస్తుంది. మన వీధి కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో ఒత్తిడి నిండుగానే ఉంటుంది, తిప్పాకే కదా ధార సంగతి తెలిసేది.

లెక్క వేసి చూడండి. వైరు అతుకు దగ్గర అర ఓమ్ నిరోధం ఉందనుకోండి. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు కలిపితే అది సుమారు 4 ఆంపియర్లు లాగుతుంది. 2 వోల్టులు ఆ అతుకు దగ్గరే పోతాయి. అదే పంపు మోటారు 20 ఆంపియర్లు కావాలంటే 10 వోల్టులు అక్కడే ఖర్చవ్వాలి. అంటే మోటారు తిరగదు. మీటర్ ఒక్కదానితో చూసినవాడికి ఇదేమీ కనబడదు.

కాబట్టి తాళం తీసేసి కప్లర్ విప్పండి. వైరింగ్ బొమ్మ చూసి పిన్నులు గుర్తించండి, రంగులు చూసి ఊహించొద్దు. లావు ప్లస్ పిన్నుకూ, లావు ఎర్త్ పిన్నుకూ మధ్య ఆ బల్బు పెట్టండి. మీటర్‌ను కూడా ఆ రెండు పిన్నుల దగ్గరే ఉంచండి. బల్బు తెల్లగా వెలిగి, బ్యాటరీ వోల్టేజికి అర వోల్టు లోపు తేడాతో నిలబడితే ఆ దారి మంచిదే. ఎర్రగా మినుకుమినుకుమంటే దొంగ దొరికినట్టే. రెండో లావు వైరుకూ ఇదే పరీక్ష. తాళం వైరుకు మాత్రం తాళం తిప్పి ఉంచి చూడాలి, 5 వాట్ల చిన్న బల్బు చాలు. బల్బు వెలుగుతుండగా హార్నెస్‌ను, అంటే వైర్ల కట్టను, మెల్లగా కదిపి చూడండి. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తప్పులు అలాగే బయటపడతాయి. పిన్నుల్లోకి మీటర్ సూది బలంగా దూర్చొద్దు, రంధ్రం వదులైతే మీరే కొత్త జబ్బు తెచ్చినవాళ్ళవుతారు. పసుపు రంగు కప్లర్ల జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ప్లస్ వైపు లోటా, ఎర్త్ వైపు లోటా అన్నది తర్వాతి ప్రశ్న. బల్బు వెలుగుతుండగా మీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఎర్త్ పిన్ను దగ్గర పెట్టండి. 0.1, మహా అయితే 0.2 వోల్టు రావచ్చు. అంతకు మించితే ఎర్త్ బోల్టు విప్పి, గీకి, బిగించాలి. ఈ ఊళ్ళో ముందు ఎర్త్‌నే అనుమానించడం నా అలవాటు. సముద్రపు ఉప్పుగాలికి బాడీ మీది బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. 2015 డిసెంబరు వరదలోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనూ ఇక్కడ ఎన్నో బండ్లు మునిగాయి. అలాంటి బండిని పైన కడిగి మెరిపించొచ్చు గానీ, కప్లర్‌లో నీళ్ళు నిలిస్తే పచ్చటి చిలుము నెలల తర్వాత లోపల్లోపలే వైరును తినేస్తుంది. బాబాయి బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదే. కార్పెట్ ఎత్తి చూడమనండి.

ఫ్యూజు కాలిపోయి ఉంటే అంతకన్నా పెద్దది వేయకండి. ఎందుకు కాలిందో తెలిసేదాకా కొత్తది కూడా వద్దు. పంపు మోటారు బిగుసుకున్నా కాలుతుంది.

ఇవన్నీ బల్బు వెలుగులో సరిగ్గా తేలి, కోడ్ మళ్ళీ అదే వస్తే, అప్పుడు పెట్టెను అనుమానించండి. వేడికీ, అదురుకీ లోపలి టంకాలు బీటలు వారడం కొన్ని మోడళ్ళలో మామూలే. అలాంటివి బాగు చేసేవాళ్ళున్నారు. ఇక్కడి పుదుపేట పాత విడిభాగాల బజారులో పాతవి కూడా దొరుకుతాయి, కానీ పార్ట్ నంబరు కలవాలి, చాలా వాటికి మన బండికి తగ్గట్టు కోడింగ్ చేయించాలి. కొన్ని బండ్లలో నల్ల పెట్టెను దిమ్మ నుంచి విడిగా విప్పొచ్చు, బ్రేకు ఆయిల్ జోలికే పోనక్కర్లేదు. దిమ్మనే మారిస్తే మాత్రం బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం స్కానర్ ఉన్నచోటే చేయించాలి.

సెలవులకు వచ్చినప్పుడు మీరే చేద్దురుగాని. కొత్త పెట్టెకు ఆర్డర్ ఇవ్వొద్దని బాబాయికి ఇవాళే చెబుతాను. హెడ్‌లైట్ బల్బు, వైరు ముక్కలు నా దగ్గరున్నాయి. మీరు ఆ మోడల్ వైరింగ్ బొమ్మ సంపాదించి తీసుకురండి.

మీ తాతయ్య