ఎన్ని క్యూసెక్కులు చాలో పడవవాళ్ళని అడగాలి

వరదలొస్తే మన గోదావరి జిల్లాల్లో అందరూ క్యూసెక్కుల్లోనే మాట్లాడతారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షలకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్ల నీరు. మనం దీన్ని భయం కొలవడానికి వాడుకుంటున్నాం. అమెరికాలో కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) వేసుకు తిరిగేవాళ్ళు ఇదే లెక్క పట్టుకుని ఎండిపోయిన నదులకి నీళ్ళు తెప్పించుకున్నారు.

వాళ్ళ ఆట వైట్‌వాటర్ మీద. వాలు మీద వేగంగా దిగే నీరు రాళ్ళకి దిగువన నెమ్మదిగా కదిలే లోతు నీటిని ఢీకొని ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఆ కుదుపులో గాలి బుడగలు చిక్కుకుని అన్ని రంగుల వెలుతురునీ చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కింద మనం చూసే తెల్లటి నురగా ఇదే. కానీ దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. రాళ్ళ మధ్యయితే పడవ తప్పుకోవడానికి సందులుంటాయి, గేట్ల కింద పైనీరు అడ్డంగా ఒకే వరసలో వెనక్కి దొర్లుతూ ఉంటుంది, అందులో పడ్డ మనిషిని బయటికి రానివ్వదు.

జలవిద్యుత్ కోసం నీళ్ళని పైపుల్లోకి మళ్ళిస్తే అసలు ఏరు రాళ్ళగుట్టలా మిగిలిపోతుంది. అక్కడ ప్రైవేటు డ్యాములకి 30 నుంచి 50 ఏళ్ళకి లైసెన్సు ఇస్తారు. అది ఇచ్చేటప్పుడు కరెంటుతో పాటు చేపల్నీ, జనం వినోదాన్నీ కూడా సమానంగా పట్టించుకోవాలని 1986లో చట్టం వచ్చింది. 1954లో పుట్టిన అమెరికన్ వైట్‌వాటర్ అనే సంస్థ, దాని వాలంటీర్లు ఈ అవకాశాన్ని గట్టిగా వాడుకున్నారు. వాళ్ళ పద్ధతి నాకు బాగా నచ్చింది. డ్యాము నుంచి ఒకసారి తక్కువ, ఇంకోసారి ఎక్కువ, ఇలా రకరకాలుగా నీళ్ళు వదిలిస్తారు, ప్రతిసారీ పడవలేసుకుని దిగుతారు, ఎక్కడ రాయి తగిలింది, ఎక్కడ ప్రమాదం అనిపించింది, ఎంతయితే సరిపోయింది అన్నీ ఫారాల్లో నింపుతారు. పడవ నడిపేవాడి అనుభవం అంకెగా మారి లైసెన్సు షరతుల్లోకి ఎక్కుతుంది!

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని గాలీ నది సంగతి ఇంకా బాగుంటుంది. సమ్మర్స్‌విల్ డ్యాము ప్రభుత్వానిది. చలికాలం వరదలకి చోటు కావాలని ఏటా శరదృతువులో జలాశయాన్ని ఎలాగూ తగ్గిస్తారు. ఆ నీళ్ళని పడవలకి పనికొచ్చేలా ముందే ప్రకటించిన రోజుల్లో సుమారు 2,800 క్యూసెక్కుల చొప్పున వదులుతారు, పడవల వినోదం కూడా ఆ డ్యాము ప్రయోజనాల్లో ఒకటని 1986లోనే మరో చట్టంలో రాశారు. అదనంగా పోయే నీరేమీ లేదు, వదిలే వేళ మారిందంతే.

వేళ విలువ మన దాళ్వా (రబీ వరి) రైతుకి కొత్తగా చెప్పాలా? గోదావరి తగ్గిపోయిన రోజుల్లో సీలేరు విద్యుత్ కేంద్రాలు వదిలే నీళ్ళు శబరి మీదుగా వచ్చి చేలని గట్టెక్కిస్తాయి. చేలకి ఉన్న ఆ లెక్క బ్యారేజీ దిగువ నదికి కూడా ఉండాలని నా పట్టుదల. వేసవిలో గేట్లు దాదాపు మూసే ఉంటాయి, సముద్రం పోటు మీద గౌతమి, వసిష్ఠల్లోకి ఎక్కి వస్తుంది. ఏ నెలలో ఏ రేవులో నీళ్ళు ఉప్పనవుతాయో, పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, పడవ ఎక్కడ ఇసుకలో కూరుకుంటుందో పంటు నడిపేవాళ్ళకి, వలలేసేవాళ్ళకి తెలుసు. అదంతా రాసిపెట్టే మనుషులు కావాలి.

పెద్ద ఖర్చు కూడా కాదు. ఉప్పు ఎక్కువైన కొద్దీ నీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది, జేబులో పట్టే చిన్న మీటరు కొలిచేది దాన్నే. అయితే ఉప్పునీరు బరువు కాబట్టి మంచినీటి కిందుగా నాలుకలా లోపలికి పాకుతుంది, పైన ముంచిన చెంబెడు నీళ్ళు కొలిస్తే తెలియదు, అడుగు నుంచి కూడా నీళ్ళు తీసి చూడాలి. ఒక రేవు, ఒకే చోటు, పోటుకొకసారి పాటుకొకసారి కొలత, పక్కనే ఆ రోజు బ్యారేజీ నుంచి దిగువకి వదిలిన క్యూసెక్కులు. కొన్ని వేసవులు ఇలా రాస్తే, ఎంత వదిలితే ఉప్పు ఏ రేవు దగ్గర ఆగుతుందో అధికారుల ముందు పెట్టడానికి మన చేతిలో లెక్క ఉంటుంది.