బంతి ఆడే అన్నయ్యకు అల్జీబ్రా ఎందుకు?

చిరంజీవులైన మా మనవడికి, మనవరాలికి తాతయ్య, అమ్మమ్మ మనసారా ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసాగా ఉన్నాము. మొన్నటి తుపాను వానకు కళ్ళంలో ధాన్యం కొంచెం తడిసింది గాని, రెండు రోజులు ఎండ కాయడంతో ఆరిపోయింది.

చిన్నా, పోయిన ఆదివారం ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు ఆ పూట సరిగా జవాబు చెప్పలేకపోయాను. మీ పక్కింటి అన్నయ్య, తాను ఏ కాలేజీ జట్టులో చేరేదీ చెప్పడానికి, హైస్కూలు జిమ్‌లో బల్ల మీద మూడు కాలేజీల టోపీలు పెట్టుకుని కూర్చున్నాడనీ, అందరూ చూస్తుండగా వాటిలో ఒకటి తీసి తలకు పెట్టుకుని సంతకం చేశాడనీ, వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుందనీ చెప్పావు. మరునాడు బస్సు ఆగేచోట మాత్రం పెద్దవాళ్ళు "వాడు క్లియర్ అవుతాడా?" అని గుసగుసలాడుకున్నారనీ, ఒకాయన "ఏం ఫరవాలేదు, టీచర్లు ఎలాగో పాస్ చేసేస్తారు" అన్నాడనీ కూడా చెప్పావు. "బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి అల్జీబ్రా ఎందుకు తాతయ్యా?" అన్నది నీ ప్రశ్న. మీ అక్క కూడా పక్కనే ఉండి తల ఊపింది కనుక ఈ ఉత్తరం ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆ "క్లియర్" సంగతి. అమెరికాలో కాలేజీ జట్ల ఆటలకు నియమాలు పెట్టే పెద్ద సంఘాన్ని ఎన్‌సీఏఏ అంటారు. కాలేజీవారు స్కాలర్‌షిప్ ఇస్తామన్నా, కుర్రవాడు సంతకం పెట్టినా, హైస్కూలులో అతడు చదివిన చదువును ఆ సంఘంవారి అర్హతల కేంద్రం విడిగా చూసి సరేనన్న తరువాతనే అతడు మొదటి డివిజన్, అంటే అన్నిటికంటె పై స్థాయి, జట్టు తరఫున ఆడడానికి వీలవుతుంది. హైస్కూలు నాలుగేళ్ళలో 16 ముఖ్య సబ్జెక్టులు పూర్తి చేయాలి, ఒక ఏడాది చదువు ఒక సబ్జెక్టు కింద లెక్క. ఇంగ్లీషు 4 ఏళ్ళు, అల్జీబ్రా-1 మొదలుకొని లెక్కలు 3 ఏళ్ళు, సైన్సు 2 ఏళ్ళు, సాంఘిక శాస్త్రం 2 ఏళ్ళు, ఇవి కాక మరో అయిదు. నాలుగు పాయింట్ల లెక్కలో వాటి సగటు గ్రేడు 2.3 కు తగ్గకూడదు. వ్యాయామం క్లాసులో ఎన్ని "ఏ"లు వచ్చినా ఈ లెక్కలోకి రావు. అన్నిటికంటె గట్టి నియమం ఇంకొకటి ఉంది. ఆ 16 లో 10 సబ్జెక్టులు ఆఖరి సంవత్సరం మొదలయ్యే లోపలే అయిపోవాలి. ఆ పదింటిలో 7 ఇంగ్లీషు, లెక్కలు, సైన్సులవే కావాలి. ఆఖరి సంవత్సరం మొదలైన తరువాత, ఆ గ్రేడు బాగులేదు, మళ్ళీ రాసి పెంచుకుంటానంటే కుదరదు.

ఈ నియమం ఎందుకు పెట్టారో నాకు మీ అమ్మమ్మ పెరుగు గిన్నె దగ్గర అర్థమయింది. మేము మీ ఇంటికి వచ్చింది జనవరి నెల కదా. మొదటి రాత్రి మీ అమ్మమ్మ వంటింటి గట్టు మీద తోడు వేసి ఉంచిన పాలు తెల్లవారినా పాలలాగే ఉండిపోయాయి. మరునాటి రాత్రి మీ అమ్మ ఆ గిన్నెను ఓవెన్‌లో పెట్టి, పొయ్యి వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి తలుపు మూసింది. తెల్లవారి చూస్తే, గరిటె పెడితే ముక్కగా లేచే గడ్డపెరుగు! ఆ చిన్న దీపపు వెచ్చదనం రాత్రంతా ఉన్నందువల్లనే అది తోడుకుంది. భోజనానికి చుట్టాలు వచ్చి కూర్చున్నాక పాలలో ఎంత మజ్జిగ పోసి గిలకొట్టినా పెరుగు కాదు. చదువూ అంతే. తొమ్మిదో తరగతిలోనే తోడు పడాలి. అందుకనే ఆ పది సబ్జెక్టులను ముందుగా అడుగుతారు.

తోడు పడిన గిన్నెను కదపకూడదు కూడా. పదిహేనేళ్ళ పిల్లవాడికి రోజూ నలుగురు కోచ్‌లు కబురు పెడుతూ, ఊరంతా భుజం తడుతూ ఉంటే, గిన్నెను గంటకొకసారి తెరిచి కుదిపినట్లే. ఇక పాలే గోరువెచ్చగా లేకపోతే, అంటే బడిలో లెక్కల మాస్టారే లేకపోతే, పెరుగు కాలేదని గిన్నెను తిట్టడం అన్యాయం. 1986 లో అమలులోకి వచ్చిన ఆ సంఘంవారి గట్టి నియమం 11 సబ్జెక్టులతోపాటు, కాలేజీలో చేరడానికి రాసే శాట్ పరీక్షలో 700 మార్కులు కూడా అడిగింది. పేద బడుల పిల్లలు, అందులోనూ నల్లజాతి పిల్లలు, ఆ పరీక్ష దగ్గరే ఎక్కువగా ఆగిపోయారు. ఆ నియమాన్ని ఇంకా బిగించి, దాన్ని అందుకోలేనివారికి స్కాలర్‌షిప్ కూడా ఇవ్వకూడదన్నప్పుడు, 1989 జనవరిలో జార్జ్‌టౌన్ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ థాంప్సన్ ఆట మొదలుకాకముందే నిరసనగా మైదానం విడిచి బయటకు నడిచాడు. చివరకు 2023 లో ఆ పరీక్ష మార్కుల నిబంధన తీసివేశారు. అది మంచి పనేనని నేను అనుకుంటాను.

మీ అక్క లెక్కల్లో దిట్ట కనుక ఒక లెక్క వేద్దాం. "ఏ"కు 4, "బి"కి 3, "సి"కి 2 పాయింట్లు. పది సబ్జెక్టులు అయ్యేసరికి ఒక కుర్రవాడి సగటు 2.1 అనుకోండి, అంటే 21 పాయింట్లు. పదహారింటికీ సగటు 2.3 రావాలంటే మొత్తం 36.8 కావాలి. మిగిలిన ఆరింటిలో మూడు "బి"లు, మూడు "సి"లు తెచ్చుకుంటే 36 దగ్గర ఆగిపోతాడు, సగటు 2.25. నాలుగు "బి"లు, రెండు "సి"లు తెచ్చుకుంటే 37 అయి గట్టెక్కుతాడు. చూశారా, ఒకే ఒక్క సబ్జెక్టులో ఒక్క మెట్టు! మీ పక్కింటి అన్నయ్యకు అది అల్జీబ్రా-2 కావచ్చు. 2.25 వస్తే మాత్రం అతడిని వెళ్ళగొట్టరు. స్కాలర్‌షిప్ ఇస్తారు, మొదటి టర్ములో సాధన చేయనిస్తారు, కాని మొదటి సంవత్సరం ఆటలో దింపరు. సగటు 2.0 కూడా రాకపోతే, చాలామంది ముందుగా రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో చేరి, అక్కడ చదివి, ఆడి, మళ్ళీ పెద్ద కాలేజీకి వస్తారు. తోడుకోని పాలను ఎవరూ పారబోయరు. మళ్ళీ గోరువెచ్చగా కాచి మళ్ళీ తోడు వేస్తారు.

ఇక బస్సు దగ్గర ఆ పెద్దమనిషి అన్న మాట దగ్గరకు వస్తాను. టీచర్లు ఎలాగో పాస్ చేసేస్తారన్న మాట వినగానే నాకు మా బడి గుర్తుకు వచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను పదో తరగతి చదివే రోజుల్లో మా ఊరి చెడుగుడు జట్టులో నా ఈడువాడు ఒకడు ఉండేవాడు. వాడు కూతకు వెళితే అవతలివైపు ఏడుగురూ వెనక్కు జరిగేవారు. బడి ముందున్న ఇసుకలో వాడి పాదాల గుర్తులు చూసి, ఇక్కడ ఎడమకు వంగాడు, ఇక్కడ ఎగిరాడు అని మేము వరుసగా చెప్పుకునేవాళ్ళం. సంక్రాంతి పోటీలకు ముందు లెక్కల పరీక్షలో వాడికి 11 మార్కులు వచ్చాయి. తప్పినవాడిని ఆటకు పంపనని మాస్టారు పట్టుబట్టారు. ఊరి పెద్దలు రాత్రివేళ మాస్టారి ఇంటికి వెళ్ళారు. వెంట లాంతరు పట్టుకుని వెళ్ళినవాడిని నేనే. "వాడు లేకపోతే జట్టే లేదు మాస్టారూ" అని పెద్దలు బతిమాలారు, కొంచెం బెదిరించారు కూడా. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. మరునాటికి ఆ 11 కాస్తా 35 అయింది. మేము షీల్డు గెలిచి, వాడిని భుజాల మీద మోసుకుని ఊరంతా తిరిగాము.

ముప్పై ఏళ్ళ తరువాత బ్యాంకులో వాడు కనబడ్డాడు. డబ్బు తీసే ఫారం నా చేతికిచ్చి, "అద్దాలు ఇంట్లో మరచిపోయానురా, కాస్త రాసిపెట్టు" అన్నాడు. వాడికి అద్దాలు లేవని నాకు తెలుసు. గుమ్మం అవతల, వీధి చివర వస్తున్న మా ఊరి బస్సును నాకంటె ముందు వాడే గుర్తుపట్టాడు. నేను ఫారం నింపి ఇచ్చాను, వాడు సంతకం అనే రెండు గీతలు గీశాడు. ఆ రోజు లాంతరు పట్టుకున్న చేయి ఇదే కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇది మా ఊరితో పోయిన కథ కాదు. డెక్స్‌టర్ మ్యాన్లీ అనే ఆటగాడు ఓక్లహోమా స్టేట్ కాలేజీలో నాలుగేళ్ళు ఆడి, ఆ పైన వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టులో చేరి, అమెరికన్ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటె పెద్ద ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో రెండు విజయాలలో పాలు పంచుకున్నాడు. అంతటివాడు 1989 లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు కూర్చుని, తనకు చదవడం రాదని చెప్పి ఏడ్చాడు. పెద్దవాడయ్యాకనే వాషింగ్టన్‌లో ఒక బడికి వెళ్ళి చదవడం నేర్చుకున్నాడు. చిన్ననాడు అతడికి అక్షరాలు పట్టుబడని ఇబ్బంది ఉండేది. తరగతి వెంట తరగతి దాటించినవారంతా తాము దయ చూపుతున్నామనే అనుకుని ఉంటారు. జార్జియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పే జాన్ కెంప్ అనే ఆవిడ, పాస్ కాని 9 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళను పై తరగతికి పంపడం తప్పని చెప్పి ఉద్యోగం పోగొట్టుకుంది. ఆవిడ కోర్టుకు వెళితే 1986 లో జ్యూరీ ఆవిడ పక్షానే తీర్పు చెప్పింది. ఆ తరువాత ఆవిడకు ఉద్యోగమూ తిరిగి వచ్చింది. మా మాస్టారికి అంత ధైర్యం లేకపోయిందని నేను అనను. ఆయన వెనుక నిలబడేవారు ఊళ్ళో ఒక్కరూ లేకపోయారు.

మీరుండే టెక్సాస్‌లోనే, 1984 లో, సబ్జెక్టులో 70 మార్కులు రానివారు ఆరు వారాలు ఆటకు దూరంగా ఉండాలని చట్టం చేశారు. ఎందరో కోచ్‌లు, అభిమానులు మండిపడ్డారు. ఆ చట్టానికి సంతకం పెట్టిన గవర్నరు మార్క్ వైట్ 1986 ఎన్నికలలో ఓడిపోయాడు, దానికి ఈ కోపం కూడా ఒక కారణమని చెప్పుకున్నారు. తరువాత ఆరు వారాలను మూడుకు తగ్గించారు గాని చట్టం మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది.

అభిమానులు చెడ్డవాళ్ళని నేను చెప్పడం లేదు. మీ నాన్న నన్ను కాలేజ్ స్టేషన్ అనే ఊళ్ళో కైల్ ఫీల్డ్ అనే కాలేజీ ఫుట్‌బాల్ మైదానానికి తీసుకువెళ్ళినప్పుడు చూశాను. 1,02,733 మంది పట్టే మైదానం అది. జనం ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని పాడుతూ అటూ ఇటూ ఊగుతుంటే, నా కాళ్ళ కింద కాంక్రీటు కూడా ఊగింది. నా పక్కన నిలబడిన ముసలమ్మ నా ముఖం చూసి నవ్వి, నా చేయి తీసి తన భుజం మీద వేసుకుంది. అంత ప్రేమను నేను తిరునాళ్ళలో కూడా చూడలేదు. కాని ఆ ప్రేమ జట్టు మీద. పిల్లవాడి మీద కాదు. మార్కులు చాలని కుర్రవాడు తమ కాలేజీకి వస్తున్నవాడైతే "పాపం, ఇంట్లో ఎన్ని కష్టాలో" అంటారు. ఎదుటి కాలేజీకి వెళ్ళేవాడైతే "చదువు రానివాళ్ళను పోగుచేస్తున్నారు" అంటారు. అదే కుర్రవాడు, అవే మార్కులు! క్లియర్ కాకపోతే "మనకు పోయాడు" అని చెప్పుకుని మరో పేరు వెదుక్కుంటారు. వాడు ఎక్కడికి పోయాడో అడిగేవారుండరు. కాలేజీలో ఆడేవారిలో నూటికి ఇద్దరు కూడా డబ్బు వచ్చే పెద్ద ఆటకు చేరరని తెలిసి కూడా అడగరు. అందుకే, ఎంత మొండిదైనా ఆ 2.3 నియమం నాకు ఇష్టం. అంతమందిలో "నీకు చదవడం వచ్చా నాయనా?" అని పిల్లవాడిని అడుగుతున్నది అదొక్కటే.

చదువూ ఆటా ఒక్కచోట ఉండవని మాత్రం అనుకోవద్దు. ఫ్లోరిడా స్టేట్ కాలేజీ జట్టులో మైరాన్ రోల్ అనే కుర్రవాడుండేవాడు. 2008 నవంబరు 22 న మేరీలాండ్‌లో వాళ్ళ ఆట, అదే రోజు అలబామాలో అతడికి ఆక్స్‌ఫర్డ్ చదువుకోసం రోడ్స్ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ. అతడు ముందు ఇంటర్వ్యూకే వెళ్ళాడు. ఎంపికయ్యాడన్న కబురు విని విమానం ఎక్కి, ఆట మొదలైన తరువాత మైదానం చేరుకుని, దుస్తులు మార్చుకుని దిగాడు. ఇప్పుడు మెదడుకు ఆపరేషన్లు చేసే డాక్టరు. ఆ రెండు చోట్లకూ అతడిని చేర్చినది ఏ దీపపు వెచ్చదనమో, ఎన్ని రాత్రులు వెలిగిందో నేను చెప్పలేను.

మీ పక్కింటి అన్నయ్య రాత్రిపూట ఏ గదిలో చదువుకుంటాడో మీ మేడ మీది కిటికీ నుంచి కనిపిస్తుందని మీ అక్క చెప్పింది. తొంగి చూడవద్దు, అది మర్యాద కాదు. ఈసారి అతడు చెత్త డబ్బా బయట పెట్టడానికి వచ్చినప్పుడు మీరిద్దరూ వెళ్ళి పలకరించండి. టోపీ గురించి అడగవద్దు, అది అందరూ అడిగేదే. అల్జీబ్రాలో ఇప్పుడు ఏ పాఠం నడుస్తోందని అడగండి. అతడు ఏం చెప్పాడో, చెప్పేటప్పుడు ముఖం ఎలా ఉందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య