సాటిర్ నాటకం: అపోహలు - వాస్తవాలు

నాటకరంగ చరిత్ర పాఠం చెప్పేటప్పుడు గ్రీకు ట్రాజెడీ మీద ఎన్ని ప్రశ్నలైనా వస్తాయి. సాటిర్ నాటకం, అంటే సగం మనిషి సగం జంతువు రూపంలో ఉండే సాటిర్లు కోరస్‌గా ఆడిపాడే అల్లరి నాటకం, దాని దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రశ్నలుండవు, అపోహలే ఉంటాయి.

అపోహ: అది కామెడీలో ఒక రకం.

కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో కామెడీ కవులు వేరే. సాటిర్ నాటకాలు రాసింది ట్రాజెడీ కవులే. మద్యదేవుడు డయొనైసస్ ఉత్సవాల పోటీలో ఒక్కో కవి మూడు ట్రాజెడీలు, ఆపైన ఒక సాటిర్ నాటకం వేసేవాడు. క్రీ.పూ. 467లో ఎస్కిలస్ ఈడిపస్ వంశం కథను మూడు ట్రాజెడీలుగా నడిపి, చివర ‘స్ఫింక్స్’ అనే సాటిర్ నాటకంతో ముగించి గెలిచాడు.

అపోహ: ప్రేక్షకుల మనసు తేలికపరచడానికి తర్వాతెప్పుడో తగిలించారు.

అసలు చిక్కంతా ఇక్కడే. ట్రాజెడీయే సాటిర్ తరహా ఆటల్లోంచి ఎదిగిందంటాడు అరిస్టాటిల్. తొలి సాటిర్ నాటకకర్త ఫ్లియస్ ఊరి ప్రాటినాస్ అంటుంది ‘సూదా’ అనే బైజాంటియం నిఘంటువు. ఆయన నాటకాలు 50 అనీ, అందులో 32 సాటిర్ నాటకాలనీ లెక్క కూడా ఇస్తుంది. ట్రాజెడీకి ముందే సాటిర్ ఆటలుంటే ప్రాటినాస్ తొలి కర్త ఎలా అవుతాడు, ఈ రెండు మాటలకూ పొసగదని కొందరంటారు. నాకలా అనిపించదు. పాత ఆట గంభీరమవుతూ సాటిర్లను వదిలేస్తే, ప్రాటినాస్ వాళ్లకు రాతప్రతితో, పోటీలో చోటుతో ఒక సొంత నాటకరూపం ఇచ్చి ఉంటాడు. పై 467 పోటీలో రెండో స్థానం ఆయన నాటకాలకే దక్కింది. ప్రదర్శించింది కొడుకు అరిస్టియాస్.

అపోహ: సాటిర్లంటే మేకకాళ్ల వాళ్లు.

ఆనాటి ఏథెన్స్ కుండల మీద వాళ్లకున్నవి గుర్రపు చెవులు, గుర్రపు తోక.

అపోహ: నాసిరకం కాబట్టే మిగల్లేదు.

పూర్తిగా మిగిలింది యూరిపిడీస్ ‘సైక్లోప్స్’ ఒక్కటే. అదీ ఎవరో ఎంచి దాచినది కాదు, ఆయన నాటకాల అక్షరక్రమ సంపుటంలో ఒక భాగం నిలవడం వల్ల మనకు దక్కింది. సోఫొక్లీస్ ‘ఇక్న్యూటై’ ఈజిప్టులోని ఆక్సిరింకస్ పపైరస్‌లలో దొరికి 1912లో అచ్చయింది, దాదాపు 400 పంక్తులు. అపోలో ఆవుల జాడ వెతుకుతూ వెళ్లిన సాటిర్లకు నేల కిందనుంచి వీణలాంటి నాదం వినిపిస్తుంది. అలాంటి చప్పుడు వాళ్లు ఎన్నడూ వినలేదు, హడలిపోతారు. సంగీతం లోకంలోకి తొలిసారి వచ్చిన క్షణాన్ని ఇంత అల్లరిగా, ఇంత అబ్బురంగా చూపిన కవిని నాసిరకం అనడానికి నాకు నోరు రాదు.

క్రీ.పూ. 438లో యూరిపిడీస్ సాటిర్ నాటకం స్థానంలో ‘ఆల్సెస్టిస్’ వేశాడు. చావు ఇంట్లో హెరాక్లీస్ తాగి పాడే ఘట్టం అందులో ఎందుకుందో ఈ సంప్రదాయం తెలిస్తేనే అర్థమవుతుంది. ఆ రెండు నాటకాలూ పక్కపక్కనే చదవమని నా విద్యార్థులకు చెబుతాను, ‘సైక్లోప్స్’ ముందు.