పోస్టరు ఎవరికి నచ్చాలి?

చిరంజీవులైన పిల్లలకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆస్పత్రిలో నర్సింగ్ అసిస్టెంట్ ఉద్యోగాల కోసం మీరు వేసిన మూడు పోస్టర్లూ వాట్సాప్‌లో చూశాను. ఏది బాగుందో చెప్పమన్నారు. నాకు మూడూ నచ్చాయి. కానీ నాకు నచ్చితే ఏం లాభం? ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేది నేను కాదు, మీరూ కాదు, ఆస్పత్రి మేనేజరు గారూ కాదు. ఇంటర్ పాసై ఏం చేయాలో తోచక ఇంట్లో ఉన్న అమ్మాయి, చిన్న క్లినిక్‌లో కాంపౌండరుగా చేస్తున్న అబ్బాయి, వాళ్లు చూసి ఫోన్ చేయాలి. ప్రింటుకు ఇచ్చే ముందు వాళ్లకు చూపించండి.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో అమెరికాలో ఒక ఊరివాళ్లు లెక్క కట్టి మరీ చూశారు. టెనెసీ రాష్ట్రంలోని చాటనూగా పోలీసు శాఖకు కొత్తవాళ్లు కావాల్సి వచ్చింది. పోలీసు ఉద్యోగమంటే ప్రజాసేవ అని రాయడం మామూలే. వాళ్లు దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా ఊళ్లోవాళ్లకు నాలుగు రకాల పోస్టుకార్డులు పంపారు. ఒకదాని మీద సేవ మాట. ఒకదాని మీద ఊరికి మీరు చేయగల మేలు. ఇంకోదాని మీద ఇది కష్టమైన పని, మీరు సిద్ధమేనా అన్న ప్రశ్న. మరోదాని మీద ఏళ్ల తరబడి నిలిచే కెరీర్. ఎవరికి ఏది వెళ్లాలో లాటరీ తీసినట్టు తేల్చారు. కొందరికి ఏ కార్డూ పంపలేదు. తర్వాత ఎవరెవరు అప్లై చేశారో చూస్తే, సేవ కార్డు అందినవాళ్లకూ అసలు కార్డే అందనివాళ్లకూ తేడా లేదు! సవాలు, కెరీర్ కార్డులు అందినవాళ్లు మాత్రం మూడు రెట్లు ఎక్కువగా అప్లై చేశారు. ఆడవాళ్లలో, తెల్లవాళ్లు కానివాళ్లలో ఆ ప్రభావం మరీ ఎక్కువ. ఈ పరిశోధన ఎలిజబెత్ లినోస్ గారిది. సేవ చేయాలని ఉన్నవాళ్లు ఎలాగూ వస్తారు, రాని వాళ్లను రప్పించేది వేరే మాట అని నాకు అర్థమైంది.

కెరీర్ అని పిలిస్తే స్వార్థపరులే వస్తారేమో అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన అనుమానమే. ఆఫ్రికాలోని జాంబియాలో దాన్నీ పరీక్షించారు. 2010లో అక్కడి ప్రభుత్వం పల్లెల్లో ఆరోగ్య సహాయకులను నియమించింది. 48 జిల్లాల్లో సగం చోట్ల మీ ఊరికి సేవ చేయండి అన్న పోస్టరు, మిగతా సగంలో వృత్తిలో ఎదగండి అన్న పోస్టరు అంటించారు. ఉద్యోగం ఒకటే, జీతం ఒకటే. ఎదుగుదల పోస్టరు చూసి వచ్చినవాళ్లు 29 శాతం ఎక్కువసార్లు ఇళ్లకు వెళ్లి చూశారు. వాళ్లు పనిచేసిన చోట తక్కువ బరువున్న పిల్లలు కూడా తగ్గారు.

ఇక మీ రెండో పోస్టరు సంగతి. బొమ్మల్లో అందరూ మగవాళ్లే. 1974లో టాటాల మోటారు కంపెనీ టెల్కో ఉద్యోగ ప్రకటనలో ఆడవాళ్లు దరఖాస్తు చేయనక్కర్లేదని ఉంటే సుధామూర్తి గారు జె.ఆర్.డి. టాటాకు పోస్టుకార్డు రాశారు కదా. మీ పోస్టరులో అలా రాయలేదు గానీ, ఇలాంటి బొమ్మ చూసి ఒక అమ్మాయి నోరెత్తకుండా పక్కకు తప్పుకుంటే మనకు తెలియను కూడా తెలియదు. టెల్కో సంగతి, కార్డు రాసే అమ్మాయి ఉంది కాబట్టి తెలిసింది.

చూపించేటప్పుడు "బాగుందా?" అని అడగొద్దు. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ, బాగుందనే అంటారు. పోస్టరు ఒక్క నిమిషం చూపించి తీసేయండి. ఇది ఏం ఉద్యోగం, జీతం ఎంత, ఎక్కడికి వెళ్లాలి, నీలాంటివాళ్లు అక్కడ ఉంటారనిపించిందా అని అడగండి. "డిపాజిట్ కట్టాలా?" అని వాళ్లే ఎదురడిగితే, డబ్బు ఏమీ కట్టనక్కర్లేదన్న మాట పోస్టరులో లేదన్నమాట. ఉద్యోగం పేరు చెప్పి డబ్బు గుంజే మోసాలు చూసి చూసి వాళ్లకు ముందు ఆ భయమే వస్తుంది. దాన్ని పెద్ద అక్షరాల్లో వేయండి.

రెండు పోస్టర్లు పోల్చాలంటే వాటి మధ్య ఒక్క తేడానే ఉంచండి. రంగూ, బొమ్మా, మాటలూ అన్నీ మార్చేస్తే దేనివల్ల ఫోన్లు వచ్చాయో తేలదు. ఒక్కో పోస్టరు మీద వేరే ఫోన్ నంబరు వేయించండి, ఏ నంబరుకు ఎన్ని కాల్స్ వచ్చాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. నోటి మాట కన్నా ఆ లెక్కే నమ్మండి. చిన్న ఫోన్ తెరమీద అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో కూడా వాళ్ల ఫోన్లలోనే చూడండి, మీ ల్యాప్‌టాప్‌లో కాదు.

వాళ్లు ఏమన్నారో, ఎక్కడ తడబడ్డారో నాకు రాయండి. కొత్త పోస్టరు దాన్ని బట్టి కూర్చుని చేద్దాం.

మీ పెద్దమ్మ